పావు మిల్లీమీటరు ఎక్కడ పోతోంది?

2004 ఏథెన్స్ ఒలింపిక్స్. పురుషుల పది మీటర్ల ఎయిర్ రైఫిల్ అర్హత రౌండ్లో 600కి 597 కొట్టి మూడో స్థానంతో ఫైనల్‌కు చేరిన అభినవ్ బింద్రా, ఫైనల్ ముగిసేసరికి ఏడో స్థానానికి జారిపోయాడు. అప్పుడతని వయసు 21 ఏళ్లు. ఇలాంటప్పుడు ఎవరి నోటైనా ముందు వచ్చే మాట ఒక్కటే: కుర్రాడు ఒత్తిడికి తట్టుకోలేకపోయాడని. అసలు సంగతి ఆ తర్వాతెప్పుడో బయటపడింది. ఆ రోజు అతను నిలబడ్డ లేన్‌లో కాళ్ల కింది పలక వదులుగా ఉందట.

నాలుగేళ్లు తిరిగాయి. 2008 ఆగస్టు 11, బీజింగ్. ఈసారి అర్హత స్కోరు 596, నాలుగో స్థానం. ఫైనల్‌కు ముందు గురి సరిచూసుకోవడానికి కాల్చే సైటర్ షాట్ నల్లచుక్క మధ్యకు రాకుండా ఎక్కడికో పోయింది. కాసేపటి క్రితం దాకా పది మీద పది పడిన రైఫిలే అది. దాని సైట్లు ఎవరో కదిలించారని బింద్రా బృందం తర్వాత చెప్పింది. ఆ కొద్ది నిమిషాల్లో అతను తన చేతిని అనుమానించుకుంటూ కూర్చోలేదు. సైట్ తిప్పి, గురిని మళ్లీ మధ్యకు తెచ్చుకున్నాడు. ఫైనల్లో మొదటి షాట్ 10.7, చివరి షాట్ 10.8. అర్హత స్కోరుతో కలిపి మొత్తం 700.5. వ్యక్తిగత విభాగంలో భారత్‌కు తొలి ఒలింపిక్ స్వర్ణం వచ్చింది.

షూటర్ అతనే, చెయ్యీ అదే. ఒకచోట తప్పు ఎక్కడుందో తెలియలేదు, మరోచోట వెంటనే తెలిసింది. ఎయిర్ రైఫిల్ పట్టిన ప్రతి ఒక్కరికీ ఏదో ఒక రోజు ఈ చిక్కు ఎదురవుతుంది. నిన్న 620 కొట్టిన అమ్మాయికి ఇవాళ 610 రాదు. రైఫిల్ అదే, పెల్లెట్లు అవే, జాకెట్ అదే. అప్పుడు మొదలవుతాయి అనుమానాలు. సైట్ తిప్పుతారు, ట్రిగ్గర్ బరువు మారుస్తారు, భుజానికి ఆనే బట్ ప్లేట్ కిందికి దించుతారు. సాయంత్రానికి అసలు రోగమేదో, వైద్యంతో తెచ్చుకున్న రోగమేదో కనిపెట్టలేని స్థితికి వస్తారు.

ఎంత చిన్న లెక్క ఇది!

పది మీటర్ల రైఫిల్ టార్గెట్ మొత్తం వెడల్పు 45.5 మిల్లీమీటర్లు. అందులో పదో వలయం అర మిల్లీమీటరు. ఈ వాక్యం చివరనున్న చుక్కంత. పెల్లెట్ 4.5 మిల్లీమీటర్ల మందం ఉంటుంది కాబట్టి దాని అంచు ఆ చుక్కను తాకినా పది ఇస్తారు. అంటే పెల్లెట్ మధ్యభాగం కేంద్రం నుంచి రెండున్నర మిల్లీమీటర్లలోపు పడితే చాలు. ఒకప్పుడు అర్హత రౌండ్లో పది అంటే పదే. ఇప్పుడు దశాంశాలు లెక్కిస్తున్నారు. 10.0 నుంచి 10.9 దాకా ఒక్కో మెట్టుకూ దూరం పావు మిల్లీమీటరు. అరవై షాట్లలో ఒక్కోదానికి పావు మిల్లీమీటరు చొప్పున పోయినా ఆరు పాయింట్లు పోయినట్టే. ఫైనల్‌కు వెళ్లేవాళ్లకూ ఇంటికి వెళ్లేవాళ్లకూ మధ్య తేడా చాలాసార్లు అంతకంటే తక్కువే ఉంటుంది.

అర్హత రౌండ్లో దశాంశాలు లేని రోజుల్లోనూ ఇది చేదుగానే ఉండేది. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2008 బీజింగ్‌లో 595 కొట్టి, అదే స్కోరున్న మరొకరితో పోలికలో వెనకబడి ఫైనల్ చేజార్చుకున్నాడు. నాలుగేళ్ల తర్వాత లండన్‌లో 701.1తో కాంస్యం తెచ్చాడు. బీజింగ్‌లో బింద్రా 700.5తో స్వర్ణం గెలిచిన విభాగం ఇదే. ఒలింపిక్స్‌ను బట్టి పతకం రంగు మారిపోయేంత దగ్గర లెక్కలివి.

ముందు ఎవరిని ప్రశ్నించాలి?

శిక్షణ కేంద్రాల్లో తరచూ వినిపించే సంభాషణ ఒకటుంది.

“సార్, రైఫిల్ పడట్లేదు.”

“ఏమ్మా, పెల్లెట్ డబ్బా మార్చావా?”

“మొన్న మార్చాను సార్. కంపెనీ అదే.”

“లాట్ నంబరు చూశావా?”

ఆ చివరి ప్రశ్నకు చాలామంది దగ్గర జవాబుండదు. మంచి కోచ్ విచారణ మాత్రం అక్కడే మొదలవుతుంది. ఈ పనికి ఒక వరుస ఉంది. తేలిగ్గా తేల్చేయగలిగినవి ముందు, విప్పి చూడాల్సినవి తర్వాత. ఒకసారి ఒక్కటే మార్చాలి, మార్చినప్పుడల్లా పది షాట్లయినా కాల్చాలి. ఐదు షాట్ల గ్రూపు అదృష్టం కొద్దీ అందంగా వస్తుంది, అది చూసి మురిసిపోతే మర్నాడు మళ్లీ మొదటికే.

అన్నిటికంటే ముందు మనిషినీ తుపాకీనీ విడదీయాలి. ఇద్దరినీ కలిపి విచారిస్తే నిజం బయటికి రాదు. రైఫిల్‌ను గట్టి బల్లకు బిగించిన వైస్‌లో పెట్టి కాల్చడం తిరుగులేని పద్ధతి. జర్మనీలోని ఉల్మ్‌లో వాల్తర్, ఆన్‌షుట్జ్, ఒబెర్న్‌డార్ఫ్‌లో ఫైన్‌వెర్క్‌బావ్ లాంటి తయారీదారులు కొత్త రైఫిల్‌తో పాటు ఇలా కాల్చిన పరీక్ష కాగితాన్ని పెట్టి పంపుతారు. రంధ్రాల గుంపు బయటి అంచు నుంచి బయటి అంచుకు కొలిచి, అందులోంచి పెల్లెట్ మందం నాలుగున్నర తీసేస్తే మిగిలేదే రైఫిల్ చెదరగొట్టే దూరం. బయటి కొలత ఐదున్నర మిల్లీమీటర్లు వస్తే చెదురు ఒక మిల్లీమీటరే. అలాంటి రైఫిల్ మీద నింద వేయడానికి లేదు. అదే ఎనిమిది వస్తే, ఎంత గొప్ప షూటర్ చేతిలో ఉన్నా కొన్ని పెల్లెట్లు 10.9 నుంచి 10.2కు జారిపోతూనే ఉంటాయి.

వైస్ లేనిచోట స్కాట్ లాంటి ఎలక్ట్రానిక్ శిక్షణ యంత్రం సాయపడుతుంది. బారెల్‌కు తగిలించిన చిన్న పరికరం, ట్రిగ్గర్ నొక్కిన క్షణంలో గురి ఎక్కడుందో గీత గీసి చూపిస్తుంది. గీత మధ్యలో ఆగి, రంధ్రం మాత్రం అంచున పడుతుంటే అనుమానం రైఫిల్ వైపో పెల్లెట్ వైపో తిప్పాలి. గీతే అంచుకు పోతుంటే స్క్రూలు విప్పక్కర్లేదు.

డబ్బాలో ఉన్న తేడా

మ్యాచ్ పెల్లెట్ అరగ్రాముకు కాస్త ఎక్కువ బరువుండే సీసపు ముక్క. ముందు భాగం చదునుగా ఉంటుంది, కాగితానికి గుండ్రటి రంధ్రం కొట్టడానికి. వెనక భాగం లంగాలా విచ్చుకుని ఉంటుంది, గాలి తోసినప్పుడు బారెల్ గోడలకు అతుక్కోవడానికి. తల కొలతలు 4.49, 4.50, 4.51 అంటూ మిల్లీమీటరులో నూరో వంతు తేడాతో అమ్ముతారు. ఏ బారెల్‌కు ఏది నప్పుతుందో చూసి చెప్పలేం, కాల్చి తెలుసుకోవాల్సిందే. పక్క లేన్‌లో ఉన్నవాళ్ల రైఫిల్‌కు అద్భుతంగా పడే డబ్బా మన రైఫిల్‌కు పడకపోవచ్చు. రెండు రైఫిళ్లూ ఒకే మోడల్ అయినా సరే.

కంపెనీ పేరు ఒకటే అయినా, అచ్చు మారితే పెల్లెట్ మారుతుంది. డబ్బా మీద ముద్రించిన లాట్ నంబరు అందుకే. ఆర్‌డబ్ల్యూఎస్, హెచ్ అండ్ ఎన్ లాంటి తయారీదారుల పెల్లెట్లు వాడే పెద్ద షూటర్లు ముందు రకరకాల లాట్లు పరీక్షించి, నప్పినదాన్ని ఏడాదికి సరిపడా ఒకేసారి కొనిపెట్టుకుంటారు. మన దగ్గర దిగుమతి మీద ఆధారపడిన పిల్లలకు అంత వెసులుబాటు ఉండదు. దొరికిన డబ్బాతో కాలుస్తారు, పడకపోతే తమను తామే తిట్టుకుంటారు. ఈ ఆటలో బాధ కలిగించే విషయం ఇది. ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు కలిసి ఒకే లాట్‌లో పది డబ్బాలు తెప్పించుకున్నా ఎంతో తేడా వస్తుంది.

పెల్లెట్‌ను చేతబట్టి వేళ్ల మధ్య మెల్లగా తిప్పితే లంగా అంచు సొట్టపోయిందో లేదో తెలుస్తుంది. సీసం మెత్తన. డబ్బా కిందపడితే పెల్లెట్లు వంకరపోవచ్చు. నేల మీద పడ్డ పెల్లెట్‌ను తీసి మళ్లీ పెట్టకూడదు. వానాకాలం తేమకు తెల్లగా పొడిబారిన పాత డబ్బాలతో పోటీకి వెళ్లకూడదు. అన్నిటికంటే ముఖ్యం, ప్రాక్టీసు కాగానే సబ్బుతో చేతులు కడుక్కోకుండా ఏదీ తినకూడదు. సీసం ఒంట్లోకి పోతే పిల్లలకు చేసే చెరుపు ముందు స్కోరు ఏపాటిది?

గాలి పెట్టే కిరికిరి

ఇప్పటి మ్యాచ్ రైఫిళ్లు దాదాపు అన్నీ సిలిండర్‌లో బంధించిన గాలితో పనిచేస్తాయి. సిలిండర్ నింపేది సాధారణంగా 200 బార్ దాకా. అంత గాలిని నేరుగా పెల్లెట్ మీదికి వదలరు. మధ్యలో రెగ్యులేటర్ ఉంటుంది. సిలిండర్‌లో ఒత్తిడి తగ్గుతున్నా ప్రతి షాట్‌కూ ఒకే కొలత గాలి అందించడం దాని పని. ఆ పని అది సరిగా చేసినంతకాలం పెల్లెట్ సెకనుకు సుమారు 170 మీటర్ల వేగంతో బయటికి వస్తుంది.

ఆ వేగంతో పది మీటర్లు దాటడానికి సెకనులో వందకు ఆరు వంతులు పడుతుంది. అంతలోనే భూమ్యాకర్షణ దాన్ని 17 మిల్లీమీటర్లు కిందికి లాగేస్తుంది. సైట్లు ఆ లాగుడును లెక్కలో పెట్టుకునే అమర్చి ఉంటాయి. వేగం రెండు శాతం తగ్గిందనుకుందాం, అంటే మూడున్నర మీటర్లు. పెల్లెట్ మరో 0.7 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. స్కోరులో దాదాపు మూడు దశాంశాలు పోయినట్టు. షూటర్ ఏ తప్పూ చేయలేదు. ఊపిరి బిగబట్టింది, గురి కుదిరింది, ట్రిగ్గర్ మెత్తగా తెగింది. అయినా 10.8 రావాల్సినచోట 10.5 వచ్చింది.

అందుకే రంధ్రాలు పక్కలకు చెదరకుండా నిలువుగా బారులు తీరుతుంటే ముందు వేగం కొలవాలి. బారెల్ ముందు పెట్టే క్రోనోగ్రాఫ్ ఒక్కో షాట్ వేగాన్నీ చూపిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న రైఫిల్‌లో పది షాట్ల మధ్య తేడా సెకనుకు ఒకటి రెండు మీటర్లకు మించదు. మొదటి షాట్ ఎప్పుడూ మిగతావాటికంటే వేగంగా వస్తోందంటే, కాసేపు వాడకుండా ఉంచినప్పుడు రెగ్యులేటర్ సీలు గుండా గాలి మెల్లగా లోపలికి జారి ఒత్తిడి పెరుగుతోందని అర్థం. పోటీలో ఇది చాలా దొంగచాటుగా దెబ్బతీస్తుంది. మనసు కుదుటపరచుకోవడానికి రైఫిల్ దించి రెండు నిమిషాలు ఆగిన తర్వాత కొట్టిన షాటే పైకి పోతుంది. ఆగినందువల్లే లయ చెడిందని షూటర్ అనుకుంటుంది.

వేగం షాట్ షాట్‌కూ కొంచెం కొంచెంగా పడిపోతుంటే సిలిండర్ గేజి చూడాలి. తయారీదారు చెప్పిన కనిష్ఠ ఒత్తిడి కంటే దిగువకు పోతే రెగ్యులేటర్ ఏమీ చేయలేదు. కంప్రెసర్ నుంచి నింపేటప్పుడు గాలి పొడిగా లేకపోతే లోపల తేమ చేరి సీళ్లను, లోహాన్ని తినేస్తుంది. విశాఖ లాంటి తీరప్రాంతంలో గాలిలోనే తేమ ఎక్కువ కాబట్టి ఫిల్టరు మార్చడంలో బద్ధకించకూడదు. సిలిండర్ మీద తయారీ తేదీ ఉంటుంది. మామూలుగా పదేళ్లు దాటినవాటిని తయారీదారులు వాడొద్దంటారు. గడువులో ఉన్న సిలిండరే వాడాల్సిన బాధ్యత షూటర్‌దేనని అంతర్జాతీయ సమాఖ్య నిబంధనలూ చెబుతున్నాయి. గాలి తప్ప మరేదీ, ముఖ్యంగా ఆక్సిజన్, అందులో నింపకూడదు, అది ప్రాణాలతో చెలగాటం. ఒత్తిడి ఉండగా రెగ్యులేటర్‌ను ఇంట్లో విప్పే ప్రయత్నమూ వద్దు.

కదిలేది ఏది?

2016 రియో. బింద్రాకు అది చివరి ఒలింపిక్స్. పోటీ రోజు రైఫిల్ కిందపడి సైట్ విరిగింది. వేరేది బిగించుకుని, మళ్లీ గురి కుదుర్చుకుని, అర్హత రౌండ్ దాటి ఫైనల్లో నిలిచాడు. ఉక్రెయిన్ షూటర్ సెర్హీ కులిష్‌తో సమమై, షూటాఫ్‌లో ఓడి నాలుగో స్థానంతో రిటైరయ్యాడు. విరిగిన సైట్ కంటికి కనిపిస్తుంది, కాబట్టి మార్చుకోవచ్చు. వదులైన సైట్‌తోనే అసలు ప్రమాదం.

రంధ్రాలు ఒక గుంపుగా కాకుండా రెండు గుంపులుగా పడుతుంటే దాదాపు ఖాయంగా ఏదో ఒకటి రెండు స్థానాల మధ్య కదులుతోంది. ముందు సైట్ గొట్టంలో పెట్టే వలయం సరిగా బిగియకపోవచ్చు. కన్ను పెట్టి చూసే వెనక పీప్ సైట్ పట్టాల మీద వెంట్రుకవాసి జారుతుండొచ్చు. బారెల్ మీద పెట్టుకునే అదనపు బరువు వదులై ఉండొచ్చు. ఈ కాలపు అల్యూమినియం స్టాకులకు స్క్రూలు ఎక్కువ, అన్నిటినీ ఒకే బలంతో బిగించాలి. చేతి అంచనా చాలదు, తయారీదారు చెప్పిన కొలతకు టార్క్ రెంచి వాడాలి. మరీ బిగించినా లోహం ఒత్తుకుని గురి మారుతుంది.

సైట్ తిప్పే నాబ్ కూడా ఒక్కోసారి మాయ చేస్తుంది. పైకి తిప్పుతూ వచ్చినప్పుడు కచ్చితంగా కదిలి, కిందికి తిప్పడం మొదలుపెట్టగానే మొదటి ఒకటి రెండు క్లిక్కులు ఊరికే పోతాయి. లోపలి మరలో ఖాళీ చేరిందన్నమాట. పాత సైట్ అయితే, కావాల్సినచోటు దాటించి మళ్లీ ఒకే దిక్కు నుంచి వచ్చి ఆపడం అలవాటు చేసుకోవాలి.

కొన్నిసార్లు చేయగలిగిందేమీ ఉండదు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో మను భాకర్ ఎయిర్ పిస్టల్ మీట పోటీ మధ్యలో చెడిపోయింది. బాగుచేయించుకుని తిరిగొచ్చేసరికి విలువైన నిమిషాలు పోయాయి. 575తో పన్నెండో స్థానం. రెండు పాయింట్ల తేడాతో ఫైనల్ పోయింది. మూడేళ్ల తర్వాత పారిస్‌లో ఆమె రెండు కాంస్యాలు గెలిచింది.

చెంప, మెడ, వెలుతురు

తుపాకీ నిర్దోషి అని తేలితే విచారణ మనిషి దగ్గరికి వస్తుంది. ఇక్కడా నిందలు అక్కర్లేదు, కొలతలు ఉన్నాయి. రైఫిల్ పక్కకు ఒరిగితే ఏమవుతుందో చూడండి. పెల్లెట్ 17 మిల్లీమీటర్లు పడుతుందని సైట్‌కు తెలుసు, అందుకే బారెల్‌ను అంతమేర పైకి చూపిస్తుంది. రైఫిల్ ఐదు డిగ్రీలు కుడికి ఒరిగితే ఆ పైచూపు కాస్తా కుడిచూపు అవుతుంది. పెల్లెట్ ఒకటిన్నర మిల్లీమీటర్లు కుడికి పోతుంది. ఆరు దశాంశాలు! చాలామంది మంచి షూటర్లు రైఫిల్‌ను కొంచెం ఒరగబెట్టే కాలుస్తారు, అందులో తప్పులేదు. ప్రతిసారీ అంతే ఒరగాలి, అంతే.

చెంప స్టాక్ మీద ఒక్కోసారి ఒక్కో బరువుతో ఆనితే కన్ను పీప్ రంధ్రం మధ్య నుంచి తొలగుతుంది. అలసట ముందు మెడలోనే కనిపిస్తుంది. నలభయ్యో షాట్ తర్వాత రంధ్రాలు ఒకే దిక్కుకు మెల్లగా పాకుతున్నాయంటే సైట్ తిప్పే ముందు కాళ్లు చూసుకోవాలి. కళ్లు మూసుకుని, రైఫిల్ ఎత్తి, ఊపిరి వదిలి, కళ్లు తెరిస్తే గురి దానంతటదే నల్లచుక్క మీద ఉండాలి. లేకపోతే కండరాలతో లాక్కొచ్చి కాలుస్తున్నట్టే, ట్రిగ్గర్ తెగగానే అది తన దారిన తాను వెళ్లిపోతుంది. సరిచేయాల్సింది పాదాలను.

వెలుతురు సంగతి మన దగ్గర ఎక్కువమంది పట్టించుకోరు. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం టార్గెట్ మీద కనీసం 1500 లక్సుల కాంతి పడాలి. మేడ మీదో ఖాళీ గదిలోనో పిల్లల కోసం కట్టించే రేంజిలో ఒక పక్క నుంచే ట్యూబులైటు వెలుతురు పడుతుంది. నల్లచుక్క అంచు ఒకవైపు స్పష్టంగా, మరోవైపు మసగ్గా కనిపించి, కన్ను తెలియకుండానే గురిని ఒక పక్కకు తోస్తుంది. అక్కడ కుదిరిన సైట్ హైదరాబాద్‌లోని గచ్చిబౌలి రేంజిలోనో ఢిల్లీలోని కర్ణీసింగ్ రేంజిలోనో కుదరదు. అమ్మాయి పోటీలకు వెళ్తే తడబడుతుందన్న పేరు మాత్రం మిగులుతుంది.

స్ప్రింగ్ రైఫిల్‌తో, ఓపెన్ సైట్‌తో మొదలుపెట్టే పిల్లల కష్టం ఇంకోరకం. అందులో బరువైన పిస్టన్ ముందుకు దూకి ఆగుతుంది, పెల్లెట్ బారెల్ దాటేలోపే రైఫిల్ వెనక్కీ ముందుకీ కుదుపుకు లోనవుతుంది. దాన్ని గట్టిగా అదిమి పట్టుకుంటే ఒకచోట, వదులుగా పట్టుకుంటే మరోచోట పడుతుంది. ఈ కుదుపుకే స్క్రూలూ వదులవుతాయి. రోజూ ఒకే పట్టు, వారానికోసారి స్క్రూల తనిఖీ ఉంటే ఆ సాదా రైఫిల్ కూడా ఎంతో నిజాయితీగా పనిచేస్తుంది.

లక్షలు పోసి సొంత రైఫిల్ కొనలేని పిల్లలు క్లబ్ రైఫిల్‌ను పంచుకుంటారు. పొద్దున ఒకరు చెంప ఆనే చీక్ పీస్ ఎత్తు మారుస్తారు, మధ్యాహ్నం మరొకరు బట్ ప్లేట్ జరుపుతారు, సాయంత్రం మూడో పిల్లకు ఆ రైఫిల్ కొత్తదే. దీనికి ఖర్చులేని మందుంది. చీక్ పీస్, బట్ ప్లేట్, సైట్ అంకెలను ప్రతి ఒక్కరూ తమ నోట్‌బుక్కులో రాసుకుని, తమ వంతు రాగానే ముందు ఆ అంకెలకు తెచ్చుకోవాలి. సైటర్లు అప్పుడు కాల్చాలి. పక్కనే ఆ రోజు పెల్లెట్ లాట్ నంబరు, సిలిండర్ గేజి చూపిన అంకె రాసిపెట్టుకుంటే, నెల తర్వాత స్కోరు పడిపోయిన రోజున కోచ్ అడిగే మొదటి నాలుగు ప్రశ్నలకూ ఆ పేజీలోనే జవాబు దొరుకుతుంది.